ఎస్‌పీఎఫ్ పెట్టాక కూడా మీ పేరుతో నకిలీ మెయిళ్లు ఎలా వెళ్తున్నాయి

మీరు చెప్పిన పరిస్థితి ఇది: మీ సంస్థ డొమైన్ చిరునామాతోనే ఎవరో మీ ఖాతాదారులకు మెయిళ్లు పంపుతున్నారు. "మా బ్యాంకు ఖాతా మారింది, ఇకపై డబ్బు ఈ కొత్త ఖాతాలో వేయండి" అని అందులో ఉంటోంది. మీ సర్వర్‌లోకి ఎవరూ చొరబడలేదని తనిఖీ చేసుకున్నారు. రెండు నెలల క్రితం ఎస్‌పీఎఫ్ రికార్డు (మీ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో చెప్పే జాబితా) కూడా పెట్టారు. అయినా నకిలీలు ఆగలేదు. రికార్డులో తప్పు ఎక్కడ ఉందని అడిగారు.

మీ రికార్డులో తప్పు ఉండకపోవచ్చు. ఎస్‌పీఎఫ్ కాపలా కాసే చోటు వేరు, మీ ఖాతాదారు చూసే చోటు వేరు. ఈ ఒక్క సంగతి తెలియకపోవడం వల్లే చాలామంది రికార్డు పెట్టి నిశ్చింతగా ఉండిపోతున్నారు. అందుకే ముందుగా దాని దగ్గర కాసేపు ఆగుతాను.

ఒక మెయిల్‌లో పంపినవారి చిరునామాలు రెండు ఉంటాయి. ఒక సర్వర్ మరో సర్వర్‌కు మెయిల్ అప్పగించేటప్పుడు మొదట "మెయిల్ ఫ్రమ్" అనే ఆదేశంతో ఒక చిరునామా చెబుతుంది. అది కవరు మీద రాసిన చిరునామా లాంటిది. ఉత్తరం చేరకపోతే తిరిగి రావలసింది అక్కడికే. ఆ తరువాత అసలు ఉత్తరం వస్తుంది. దాని పైభాగంలో "ఫ్రమ్" అనే హెడర్‌లో ఇంకో చిరునామా ఉంటుంది. అది కవరు లోపలి కాగితం మీద రాసిన పేరు. చదివే మనిషికి ఫోనులోనైనా కంప్యూటర్‌లోనైనా కనిపించేది ఈ రెండోది మాత్రమే. ఈ రెండూ ఒకటే అయి ఉండాలని ఎస్‌ఎంటీపీ (సర్వర్లు మెయిల్ ఇచ్చిపుచ్చుకునే పద్ధతి) నియమాల్లో ఎక్కడా లేదు. ఆ నియమాలు 1982 నాటివి. అప్పటి నెట్‌వర్క్‌లో ఎక్కువగా విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలే ఉండేవి. పేరు చెప్పినవాడి మాట నమ్మడం వారికి ఇబ్బంది కాలేదు.

ఇప్పుడు మీ ఖాతాదారుకు వచ్చిన నకిలీ మెయిల్ హెడర్లు విప్పి చూడండి. మీ డొమైన్ ఉదాహరణ.కామ్ అనుకుందాం. దాదాపు ఇలా ఉంటుంది (రిటర్న్-పాత్ అంటే కవరు మీది చిరునామా):

రిటర్న్-పాత్: బౌన్స్@మోసగాడి-డొమైన్
ఫ్రమ్: "లెక్కల విభాగం" అకౌంట్స్@ఉదాహరణ.కామ్
ఆథెంటికేషన్-రిజల్ట్స్: ఎస్‌పీఎఫ్=పాస్

మూడో వరుస మళ్లీ చదవండి. ఎస్‌పీఎఫ్ పాస్ అయింది. మోసగాడు తన సొంత డొమైన్ ఒకటి కొన్నాడు. దానికి పద్ధతిగా ఎస్‌పీఎఫ్ రికార్డు పెట్టాడు. కవరు మీద ఆ డొమైన్ రాసి, లోపలి కాగితం మీద మీ పేరు రాశాడు. అందుకున్న సర్వర్ కవరు మీది డొమైన్‌నే చూసింది, ఆ డొమైన్ అనుమతించిన ఐపీ (సర్వర్‌కు ఉండే అంకెల చిరునామా) నుంచే వచ్చిందని తేల్చింది, పాస్ అని రాసింది. మీరు ఎంతో శ్రద్ధగా రాసిన రికార్డును ఎవరూ తెరిచి చూడనే లేదు.

కాబట్టి మీకు కావలసింది, ఫ్రమ్ హెడర్‌లో కనిపించే డొమైన్‌కూ వెనుక తనిఖీ అయిన డొమైన్‌కూ పొంతన ఉందా అని అడిగే రికార్డు. దాని పేరు డీమార్క్. అయితే అది ఎస్‌పీఎఫ్, డీకిమ్ (మెయిల్ మీద చేసే డిజిటల్ సంతకం) అనే రెండు కాళ్ల మీద నిలబడుతుంది కనుక ముందు ఆ కాళ్లు గట్టిగా ఉండాలి. (రికార్డుల్లో రాసేదంతా ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. నేను ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాను.)

ఎస్‌పీఎఫ్ అంటే "ఈ డొమైన్ పేరుతో మెయిల్ పంపడానికి ఈ సర్వర్లకే అనుమతి ఉంది" అని డీఎన్‌ఎస్‌లో (డొమైన్ వివరాలను ఇంటర్నెట్‌లో అందరికీ చూపే పట్టికలో) పెట్టే ఒక టీఎక్స్‌టీ రికార్డు, అంటే మామూలు అక్షరాల వరుస. "వి=ఎస్‌పీఎఫ్1"తో మొదలై, మధ్యలో ఐపీ చిరునామాలు, "ఇన్‌క్లూడ్" అని ఇతర సేవల పేర్లు ఉండి, చివర "ఆల్"తో ముగుస్తుంది. నేను తరచూ చూసే తప్పుల్లో మొదటిది ఒకే డొమైన్‌కు రెండు ఎస్‌పీఎఫ్ రికార్డులు ఉండటం. కొత్త మెయిల్ సేవ తీసుకున్నప్పుడు వారు ఇచ్చిన వరుసను పాతదాని పక్కనే ఇంకో రికార్డుగా అతికిస్తారు. రెండు ఉంటే తనిఖీ శాశ్వత లోపంగా ముగుస్తుంది, అంటే రెండూ లేనట్టే. రెండింటినీ కలిపి ఒకటిగా రాయాలి. రెండో తప్పు పది పరిమితి. ఒక ఎస్‌పీఎఫ్ తనిఖీలో డీఎన్‌ఎస్ వెతుకులాటలు పదికి మించకూడదు. మీరు రాసిన ఒక్కో ఇన్‌క్లూడ్ లోపల ఇంకో మూడు నాలుగు ఇన్‌క్లూడ్‌లు ఉండవచ్చు, అవి కూడా లెక్కలోకి వస్తాయి. పది దాటితే మళ్లీ అదే శాశ్వత లోపం. దీన్ని తప్పించుకోవడానికి కొందరు ఇన్‌క్లూడ్‌లన్నీ విప్పి ఐపీలుగా రాసేస్తారు. ఆ సేవ రేపు తన ఐపీలు మార్చుకుంటే మీ మెయిళ్లు నిలిచిపోతాయి. వాడటం మానేసిన సేవలను తీసేయడం, వార్తాలేఖల వంటివాటిని ఉపడొమైన్‌కు (వార్తలు.ఉదాహరణ.కామ్ లాంటిదానికి) తరలించడం దీనికి సరైన దారి.

చివరి "ఆల్" ముందు వచ్చే గుర్తు గురించి చాలా వాదనలు వింటాం. ప్లస్ గుర్తు పెడితే ప్రపంచంలో ఎవరైనా మీ పేరుతో పంపవచ్చని మీరే రాసిచ్చినట్టు. అది ఎప్పుడూ వద్దు. హైఫన్ (-) అంటే జాబితాలో లేనివారికి అనుమతి లేదని ఖండితంగా చెప్పడం, టిల్డే (~) అంటే వారిని అనుమానంగా చూడమని చెప్పడం. హైఫన్ గట్టిది కదా, అదే మేలని అనిపిస్తుంది. అయితే కొన్ని సర్వర్లు హైఫన్ చూడగానే, లోపలి డీకిమ్ సంతకం చదవకముందే మెయిల్‌ను తిరస్కరిస్తాయి. ఫార్వర్డ్ అయిన మెయిల్ ఫార్వర్డ్ చేసిన సర్వర్ ఐపీ నుంచి వస్తుంది కాబట్టి, కవరు చిరునామా మారకపోతే ఎస్‌పీఎఫ్ అక్కడ తప్పిపోతుంది. సంతకం సరిగా ఉన్న నిజమైన మెయిల్ అలా పోవడం నాకు ఇష్టం లేదు. అందుకే మెయిల్ పంపే డొమైన్లకు టిల్డే పెట్టి, ఖండితంగా చెప్పే పనిని డీమార్క్‌కు వదిలేస్తాను.

డీకిమ్ తత్వం వేరు. పంపే సర్వర్ మెయిల్ పాఠానికీ ముఖ్యమైన హెడర్లకూ కలిపి రహస్య కీతో డిజిటల్ సంతకం చేస్తుంది. దానికి జోడీ అయిన బహిరంగ కీ మీ డీఎన్‌ఎస్‌లో ఉంటుంది. అందుకున్నవారు ఆ కీతో సంతకాన్ని సరిచూస్తారు. పాఠంలో ఒక్క అంకె మారినా సంతకం సరిపోదు. ఇది ఐపీ మీద ఆధారపడదు కాబట్టి ఫార్వర్డ్ అయినా బతుకుతుంది. నా దృష్టిలో రెండు కాళ్లలో బలమైనది ఇదే. పంపే సేవల్లో ఒక్కోదానికీ "సెలెక్టర్" అనే వేరు పేరుతో వేరు కీ పెట్టుకోవచ్చు. సెలెక్టర్ పేరు, ఆపైన "_డొమైన్‌కీ", ఆపైన మీ డొమైన్: ఇదీ ఆ రికార్డు చిరునామా.

కీ పొడవు విషయంలో రాజీపడవద్దు. 2012లో జాకరీ హ్యారిస్ అనే గణితవేత్త, గూగుల్ నుంచి తనకు వచ్చిన ఒక ఉద్యోగ ఆహ్వానం నిజమైనదో కాదో చూస్తూ, దాని డీకిమ్ కీ 512 బిట్లే ఉందని గమనించాడు. దాన్ని ఛేదించి, ఆ సంస్థ స్థాపకుల్లో ఒకరి పేరుతో మరొకరికి మెయిల్ పంపి చూపించాడు. ఆ తరువాత కీని 2048 బిట్లకు మార్చారు. మీరు కూడా 2048 బిట్ల కీనే పెట్టండి. అంత పొడవు కీ, టీఎక్స్‌టీ రికార్డులో ఒక్కో ముక్కకు ఉన్న 255 అక్షరాల హద్దును దాటుతుంది కాబట్టి రెండు ముక్కలుగా, ఒక్కోదాన్ని ఉల్లేఖన చిహ్నాల మధ్య రాయాలి. డీఎన్‌ఎస్ మార్పులు చేసే చాలా ప్యానెళ్లు ఈ పని తామే చేస్తాయి. కొన్ని మాత్రం చెప్పకుండా తోక కత్తిరిస్తాయి. పెట్టాక బయటి నుంచి ఒకసారి డీఎన్‌ఎస్ అడిగి, కీ చివరి అక్షరాలు సరిపోయాయో లేదో చూసుకోండి.

ఇంత బలమైన డీకిమ్ కూడా ఒంటరిగా మిమ్మల్ని కాపాడదు. మోసగాడు తన డొమైన్ కీతో సంతకం చేసి, ఫ్రమ్‌లో మీ పేరు రాయవచ్చు. సంతకం చెల్లుతుంది, డీకిమ్ పాస్ అవుతుంది.

ఇక డీమార్క్. దీని నియమాలు 2015లో ఆర్‌ఎఫ్‌సీ 7489 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వెలువడ్డాయి. ఫ్రమ్ హెడర్‌లోని డొమైన్‌ను పట్టుకుని రెండు ప్రశ్నలు అడుగుతుంది. ఎస్‌పీఎఫ్ పాస్ అయితే, పాస్ అయిన డొమైన్ ఇదేనా? డీకిమ్ పాస్ అయితే, సంతకం చేసిన డొమైన్ ఇదేనా? రెండింటిలో ఒక్కదానికైనా అవునన్న జవాబు వస్తే మెయిల్ నెగ్గినట్టు. రెండింటికీ కాదంటే ఆ మెయిల్‌ను ఏం చేయాలో మీరు రాసిన విధానం చెబుతుంది. పైన చూపించిన నకిలీ మెయిల్‌కు ఎస్‌పీఎఫ్ పాస్ అయింది, కాని మోసగాడి డొమైన్‌కు పాస్ అయింది. పొంతన లేదు. అక్కడే పట్టుబడుతుంది.

రికార్డు చిన్నదే. "_డీమార్క్.ఉదాహరణ.కామ్" అనే పేరుతో టీఎక్స్‌టీ రికార్డు పెట్టి, విలువగా "వి=డీమార్క్1; పి=నన్; ఆర్‌యూఏ=మెయిల్‌టు:నివేదికలు@ఉదాహరణ.కామ్" అని రాస్తే చాలు. ఆర్‌యూఏ అంటే నివేదికలు రావలసిన చిరునామా. ఇక్కడ ఒక చిన్న ఉచ్చు ఉంది. కొన్ని డీఎన్‌ఎస్ ప్యానెళ్లు మీరు ఇచ్చిన పేరు చివర డొమైన్‌ను తామే కలుపుతాయి. మీరు పూర్తి పేరు రాస్తే అది "_డీమార్క్.ఉదాహరణ.కామ్.ఉదాహరణ.కామ్" అయి కూర్చుంటుంది. ప్యానెల్‌లో అంతా బాగానే కనిపిస్తుంది, బయటివారికి మాత్రం రికార్డే లేదు. నెలల తరబడి ఇలా ఉన్న డొమైన్లు చూశాను.

పి అంటే విధానం. "నన్" అంటే ఏమీ చేయవద్దు, నివేదిక మాత్రం పంపండి. "క్వారంటైన్" అంటే స్పామ్ ఫోల్డర్‌లో వేయండి. "రిజెక్ట్" అంటే గుమ్మంలోనే తిరస్కరించండి. మీ లక్ష్యం రిజెక్ట్. పి=నన్‌తో మీ ఖాతాదారుకు ఏ రక్షణా లేదు; నకిలీ మెయిల్ నిన్న ఎలా చేరిందో రేపూ అలాగే చేరుతుంది. జీమెయిల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి భారీగా మెయిళ్లు పంపేవారికి డీమార్క్ తప్పనిసరి చేశాయి. జీమెయిల్ లెక్కలో భారీ అంటే రోజుకు 5,000 లేదా అంతకు మించి. ఆ నిబంధనకు పి=నన్ సరిపోతుంది. దాంతో చాలామంది నన్ పెట్టి, పని పూర్తయిందని అక్కడే ఆగిపోయారు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. తలుపు దగ్గర కెమెరా పెట్టి తలుపు తెరిచి ఉంచడమే అది.

అలాగని ఈ రాత్రే రిజెక్ట్ పెట్టవద్దు. నేను ఒకసారి ఒక చిన్న సంస్థకు ఈ పని చేశాను. పది రోజులు నివేదికలు చూశాను, అన్నీ శుభ్రంగా ఉన్నాయి, రిజెక్ట్‌కు మార్చాను. నెలాఖరున వారి ఉద్యోగుల్లో బయటి మెయిల్ వాడే ఎవరికీ జీతం చీటీలు అందలేదు. మూడేళ్ల క్రితం ఎవరో పెట్టి వెళ్లిన జీతాల సాఫ్ట్‌వేర్ సంస్థ డొమైన్ పేరుతోనే నెలకు ఒక్కసారి మెయిళ్లు పంపేది. దానికి డీకిమ్ లేదు, దాని ఐపీ ఎస్‌పీఎఫ్‌లో లేదు. నేను చూసిన పది రోజుల్లో అది ఒక్క మెయిల్ కూడా పంపలేదు. తప్పు నాది. అప్పటి నుంచి కనీసం ఒక పూర్తి నెల, వీలైతే మూడు నెలల చివరి తేదీలు కూడా చూడకుండా విధానం మార్చను.

నివేదికలు చదవడం భయపడేంత పని కాదు. పెద్ద మెయిల్ సంస్థలు సాధారణంగా రోజుకొకటి చొప్పున, కుదించిన ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా పంపుతాయి. తెరిస్తే ఒక్కో ఐపీకి ఒక్కో వరుస ఉంటుంది: ఏ ఐపీ, ఎన్ని మెయిళ్లు, ఎస్‌పీఎఫ్ ఏ డొమైన్‌కు పాస్ అయింది, డీకిమ్ ఏ డొమైన్‌కు పాస్ అయింది, డీమార్క్ తీర్పు ఏమిటి. మెయిల్ పాఠం ఉండదు కాబట్టి గోప్యత గురించి ఆందోళన అక్కరలేదు. ఫైళ్లు ఎక్కువైతే వాటిని పట్టికలుగా మార్చే సాధనాలు, సేవలు ఉన్నాయి. నివేదికలు వేరే డొమైన్ చిరునామాకు తెప్పించుకోవాలంటే మాత్రం ఆ డొమైన్ తన డీఎన్‌ఎస్‌లో ఒప్పుకోలు రికార్డు పెట్టాలి. లేకపోతే నివేదికలు రావు, ఎందుకు రాలేదో కూడా ఎవరూ చెప్పరు.

ఒక వరుసను దగ్గరగా చూద్దాం. ఒక ఐపీ నుంచి 212 మెయిళ్లు వెళ్లాయి. ఎస్‌పీఎఫ్ పాస్, కాని వార్తాలేఖల సేవ సొంత డొమైన్‌కు. డీకిమ్ పాస్, అదీ ఆ సేవ డొమైన్‌కే. డీమార్క్ ఫెయిల్. ఇది మోసం కాదు. మీ ప్రచార విభాగం వాడుతున్న సేవ ఇది. తన కవరు మీద తన పేరే రాసుకుని, తన కీతోనే సంతకం చేస్తోంది. ఆ సేవ సెట్టింగుల్లో సొంత డొమైన్‌తో డీకిమ్ సంతకం పెట్టుకునే చోటు ఉంటుంది. వారు రెండు మూడు సీనేమ్ రికార్డులు (ఒక పేరు నుంచి మరో పేరుకు దారి చూపేవి) ఇస్తారు, మీ డీఎన్‌ఎస్‌లో పెట్టండి. మరుసటి రోజు నివేదికలో అదే ఐపీకి డీకిమ్ మీ డొమైన్ పేరుతో పాస్ అవుతుంది. అలాంటి సేవను మీ ఎస్‌పీఎఫ్‌లో ఇన్‌క్లూడ్ చేయడం చాలాసార్లు వృథా, ఎందుకంటే కవరు మీద మీ డొమైన్ లేనప్పుడు మీ ఎస్‌పీఎఫ్‌ను ఎవరూ చూడరు. పది పరిమితిలో ఒక స్థానం ఊరికే ఖర్చవుతుంది.

ఇంకో రకం వరుస: ఎస్‌పీఎఫ్ ఫెయిల్, డీకిమ్ మీ డొమైన్‌కు పాస్, రెండు మూడు మెయిళ్లు. ఇది ఎవరో చేసుకున్న ఫార్వర్డింగ్, వదిలేయండి. రెండూ ఫెయిల్, సంతకమే లేదు, ముందెన్నడూ చూడని ఐపీలు, రోజుకు వందల్లో: మీరు వెతుకుతున్న దొంగ ఇతడే. ఇంకా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, వెబ్‌సైట్‌లోని సంప్రదింపుల ఫారం, స్కాన్ చేసిన కాగితాన్ని నేరుగా మెయిల్ చేసే ప్రింటర్ బయటపడతాయి. ప్రింటర్‌ను దాదాపు అందరూ మరిచిపోతారు.

మీవి అన్నీ పొంతన కుదిరాయని నమ్మకం కలిగాక క్వారంటైన్‌కు మారండి, రెండు మూడు వారాలు చూడండి, ఆపై రిజెక్ట్. "పీసీటీ" అనే సంఖ్యతో ఇంత శాతానికే వర్తింపజేయమని చెప్పే వీలుంది, కాని అందుకునేవారు దాన్ని ఒకేలా పాటించరు కాబట్టి నేను వాడను.

మీ సిబ్బంది చర్చా బృందాల మెయిలింగ్ లిస్టుల్లో చురుకుగా ఉంటే ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. ఆ లిస్టులు విషయ వాక్యానికి ముందు తమ పేరు, పాఠం చివర తమ పాదసూచిక చేరుస్తాయి. దాంతో సంతకం చెడిపోతుంది, ఐపీ ఎలాగూ మీది కాదు. 2014 ఏప్రిల్‌లో యాహూ తన డొమైన్‌కు రిజెక్ట్ పెట్టినప్పుడు ప్రపంచమంతటా లిస్టులు తడబడ్డాయి. ఆ తరువాత చాలా లిస్టులు ఫ్రమ్‌లో తమ చిరునామానే రాసి పంపడం మొదలుపెట్టాయి, అందుకే ఇప్పుడు ఈ ఇబ్బంది బాగా తగ్గింది. పాత లిస్టు ఏదైనా మిగిలి ఉంటే ఆ సిబ్బందికి రిజెక్ట్ లేని ప్రత్యేక ఉపడొమైన్ ఒకటి ఇవ్వండి. సంస్థ మొత్తాన్ని దానికోసం బలహీనంగా ఉంచవద్దు.

ఉపడొమైన్లకు వేరుగా రికార్డు లేకపోతే పైడొమైన్ విధానమే వర్తిస్తుంది. వాటికి మరో విధానం కావాలంటే "ఎస్‌పీ" అని రాయాలి. రికార్డు ఎక్కడినుంచో నకలు తెచ్చుకున్నప్పుడు అందులో "ఎస్‌పీ=నన్" ఉండిపోతే మోసగాడు "బిల్లులు.ఉదాహరణ.కామ్" అని లేని ఉపడొమైన్‌తో హాయిగా పంపుకుంటాడు. అలాగే మీరు ఇతర ముగింపులతో కొని పక్కన పెట్టిన డొమైన్లు ఉంటే వాటిని ఈ రోజే మూసేయండి. వాటి నుంచి మెయిల్ పోదు కాబట్టి ఎదురుచూడాల్సిన పని లేదు: ఎస్‌పీఎఫ్‌లో హైఫన్ ఆల్ ఒక్కటే, డీమార్క్‌లో రిజెక్ట్, ఎంఎక్స్ (మెయిల్ అందుకునే సర్వర్ ఏదో చెప్పే రికార్డు) స్థానంలో చుక్క ఒక్కటే. అరగంట పని.

ఇదంతా చేశాక కూడా మిగిలే ప్రమాదం ఒకటుంది, దాన్ని మీ ఖాతాదారులకు ముందే చెప్పాలి. డీమార్క్ కాపాడేది మీ డొమైన్‌ను అచ్చుగుద్దినట్టు వాడుకోవడం నుంచి. ఒక అక్షరం మార్చి కొన్న డొమైన్‌ను, మీ సంస్థ పేరు మాత్రమే ప్రదర్శన పేరుగా పెట్టి వేరే చిరునామా నుంచి పంపిన మెయిల్‌ను, పాస్‌వర్డ్ దొంగిలించి మీ నిజమైన పెట్టె నుంచే పంపినదాన్ని ఇది ఆపలేదు. అందుకునే సర్వర్ డీమార్క్ తనిఖీ చేయకపోతే అక్కడ కూడా మీ రికార్డు పనిచేయదు. కాబట్టి బ్యాంకు ఖాతా మార్పు గురించి మెయిల్ వస్తే, మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాకుండా తమ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగమని ఖాతాదారులకు ఒక లేఖ రాయండి. ఆ లేఖ డీఎన్‌ఎస్ పని ముగిసేదాకా ఆగకూడదు. నకిలీలు ఇప్పటికే వెళ్తున్నాయి, రిజెక్ట్‌కు చేరడానికి మీకు రెండు నెలలైనా పడుతుంది.

ఈ రోజు లేఖ పంపండి, పి=నన్ రికార్డు పెట్టండి, పక్కన పెట్టిన డొమైన్లను మూసేయండి. నివేదికలు రెండు మూడు రోజుల్లో రావడం మొదలవుతుంది. గుర్తుపట్టలేని ఐపీలు కనిపిస్తే మీ డొమైన్ పేరు తీసేసి ఆ వరుసలు పెట్టండి, ఏది మీ సేవ, ఏది కాదో ఒక్కొక్కటిగా చూద్దాం.